ఊసెత్తని కోచ్

మా వీధిలో కరెంటు పోతే మగవాళ్లకు మాటలొస్తాయి. కరెంటున్నంతసేపూ నా టీ దుకాణంలో టీవీకి అతుక్కుపోయి ఇంగ్లండు జట్ల ఆట చూస్తారు. ఎక్కడో చలిదేశంలో ఎవడో గోలు కొడితే ఇక్కడ నా బల్లలు గుద్దుతారు. టీవీ ఆరిపోగానే అందరూ ఉసూరుమంటారు గానీ, గోడవార బల్ల దగ్గర కూర్చునే ముగ్గురు మాత్రం హమ్మయ్య అనుకుంటారు. అప్పటికి గానీ వాళ్ల తగువు మొదలవదు. రంగూన్ హైస్కూళ్లలో ఫుట్‌బాల్ నేర్పిన వాళ్లందరిలోకీ గొప్ప కోచ్ ఎవరు అన్నదే ఆ తగువు. మా తాతలు శ్రీకాకుళం నుంచి వచ్చి స్థిరపడ్డ ఈ ఊరి పేరు యాంగోన్ అయ్యి ఎంత కాలమైనా మా నోటికి రంగూనే, ఆ తగువు కూడా దాదాపు అంత పాతది.

ముగ్గురిలో ఒకడు నా మరిది, మా ఆయనకు చిన్నాన్న కొడుకు. రేవులో గుమస్తాగా చేసి రిటైరయ్యాడు. అతని లెక్కలో ఊరి చివర మింగళాడోన్ బడి కోచ్‌ను మించినవాడు లేడు. కంటోన్మెంటు పిల్లలు, క్రమశిక్షణ, కాళ్లకు బూట్లు, అద్దాల బీరువా నిండా కప్పులు. రెండో ఆయన లత అనే పేటలో ఇనప సామాన్ల కొట్టున్న షావుకారు. మా పుట్టింటి వైపు దూరపు చుట్టం, అన్నయ్యగారూ అంటాను. తను చదివిన లత బడి కోచే కోచ్ అని ఆయన వాదన. ఆ కోచ్ కొట్టిన చెంపదెబ్బల్ని కూడా మురిసిపోతూ చెబుతాడు. మూడో మనిషి బర్మా ఆయన, లెక్కల మాస్టారు. అందరం సయా అంటాం, అంటే గురువుగారూ అని. ఆయన బర్మా భాషలోనే మాట్లాడతాడు, మేం తెలుగులో అనుకున్నది మా మరిది ఆయనకి బర్మాలోకి మార్చి చెబుతుంటాడు. సయా, మా ఆయన ఒకే బడిలో పనిచేశారు.

మా ఆయన ఆ బడిలో డ్రిల్లు మాస్టారు. రిటైరయ్యేదాకా ఈ పజుండౌంగ్ పేట పిల్లలకు ఫుట్‌బాల్ నేర్పింది ఆయనే. ఇప్పుడా మైదానంలో గడ్డి మోకాళ్లెత్తు పెరిగింది. ఆడే వయసు కుర్రాళ్లలో సగం మంది థాయిలాండ్‌కో మలేషియాకో వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు సైన్యంలోకి పట్టుకుపోతారన్న భయంతో గుమ్మం దాటి రారు. కోచ్‌ల గురించి కొట్టుకోవడానికి ఈ ముసలాళ్లే మిగిలారు.

మా ఆయన్ని నేను ఇంట్లో చూడటమే గానీ మైదానంలో ఎప్పుడూ చూడలేదు. మా ఇళ్లలో ఆడవాళ్లు ఆట చూడ్డానికి వెళ్లేవాళ్లం కాదు. ఆయన బడి సంగతులు ఇంట్లోకి తెచ్చేవారు కాదు. బయట కుళాయి దగ్గర కాళ్ల బురద కడుక్కుని, దాంతోపాటు బడినీ అక్కడే వదిలేసి లోపలికొచ్చేవారు. పొద్దుగూకితే కాలవ ఒడ్డున ఒక టీ దుకాణంలో ఈ ముగ్గురితో కూర్చుని ఏ తొమ్మిదింటికో వచ్చేవారు. "అంతసేపు ఏటి మాటాడుకుంటారు?" అని అడిగితే, "ఏటీ నేదు, పనిలేని కబుర్లు" అని నవ్వేసేవారు. నాకు ఒళ్లు మండేది. పనిలేని కబుర్లయితే నాకూ కాసిని చెప్పొచ్చు కదా.

కరోనా వచ్చిన ఆ వానాకాలంలో పోయారు. ఊరంతా ఆక్సిజన్ సిలిండర్ల కోసం క్యూలు కట్టింది. మా మరిది తిరిగి తిరిగి ఎక్కడో ఒకటి పట్టుకొచ్చేసరికి ఆయన లేరు. ప్లాస్టిక్ తొడుగులు వేసుకున్న కుర్రాళ్లు వచ్చి తీసుకుపోయారు. ఎవరూ వెంట రాకూడదన్నారు. పలకరింపుకు ఎవరూ రాలేదు, రాలేరు కదా. మనిషి పోయిన ఇంట్లో పదిమంది చేరి పోయినవాడి మంచీ చెడ్డా చెప్పుకుంటారు. తిట్టాల్సింది తిడతారు, నవ్వాల్సింది నవ్వుతారు. మా ఇంట్లో అది జరగలేదు. అందుకేనేమో ఆయన పోయినట్టు నాకు అనిపించలేదు, అలాగని ఉన్నట్టూ లేదు.

ఊరు మళ్లీ తెరుచుకున్నాక ముందుగదిలో ఈ దుకాణం పెట్టాను. బతకడానికని అందరికీ చెప్పాను, అదీ నిజమే. కానీ అసలు సంగతి వేరు. ఆ ముగ్గురూ ఇక్కడికొచ్చి కూర్చుంటే తగువులో మా ఆయన మాట వస్తుంది కదా, నేను చూడని మనిషిని కనీసం వింటాను కదా అని ఆశ. అందుకే గోడవార బల్లని పొయ్యికి దగ్గరగా వేశాను. తొలిరోజే మా మరిది, ఈ ఊరి టీ దుకాణాల అలవాటు కొద్దీ, పెదాలతో ముచ్‌ముచ్ అని చప్పుడు చేసి టీ అడిగాడు. "ఇంకోసారి అలాగ పిలిస్తే కెటిల్ నెత్తి మీద పడతాది" అన్నాను. అప్పట్నుంచి బుద్ధిగా "వదినా, మూడు టీలు" అంటాడు. వాళ్లకి బుద్ధి మరీ ఎక్కువైపోయిందని తరవాత తెలిసింది.

మింగళాడోన్ గురించి గంట, లత గురించి గంట సాగుతుంది. "మరి పజుండౌంగ్ వైపు..." అని ఎవరో మొదలెడతారు. మొదలెట్టి నా వైపు చూస్తారు. మరిది దగ్గుతాడు. షావుకారు బల్లమీది ఫ్లాస్కులోంచి పాలు లేని ఉత్త టీ వొంపుకుంటాడు. సయా కలిపిన టీనే మళ్లీ చెంచాతో కలుపుతాడు. ఆ తరవాత మాట మళ్లీ మింగళాడోన్ బస్సెక్కి వెళ్లిపోతుంది.

ఆ దగ్గుకూ తరవాతి మాటకూ మధ్య కాస్త ఖాళీ ఉండేది. అందులో మా ఆయన వచ్చి నిలబడేవారు. పిచ్చనుకుంటే అనుకోండి. బల్ల పక్కన, తడి లుంగీ మోకాళ్లదాకా ఎగ్గట్టి, తన మాట ఎప్పుడొస్తుందా అని చూస్తున్నట్టు ఉండేవారు. వాళ్లు ఇంకో సంగతి ఎత్తుకోగానే లేరు. రోజూ ఇదే వరస. నేను కెటిల్ పట్టుకుని ఆ ఖాళీ కోసమే కాచుకుని ఉండేదాన్ని.

కొన్నాళ్లకి ఆయన తగ్గిపోవడం మొదలైంది. ముందు కళ్లజోడు స్పష్టంగా కనిపించేది, తరవాత అదీ మసకైంది. నవ్వు ఎటువైపు వంకరపోయేదో ఒక రోజంతా గుర్తు రాలేదు. నాకు భయం పట్టుకుంది. నాకు తెలిసిన ఆయన్ని తలుచుకుని తలుచుకుని నేనే అరగదీసేశాను, కొత్తగా ఒక్క ముక్క ఇచ్చేవాళ్లు లేరు. ఇవ్వగలవాళ్లేమో నా ఇంట్లో నా టీ తాగుతూ నోళ్లు కుట్టేసుకున్నారు. ఇలాగే సాగితే కొన్నాళ్లకి ఆ ఖాళీలో నిలబడ్డానికి కూడా ఎవరూ మిగలరని తెలుస్తూనే ఉంది.

మొన్నటి వానాకాలంలో ఒక సాయంత్రం వీధిలో నీళ్లు నిలిచిపోయేంత వాన పడింది. కరెంటు పోయింది. పక్కింటి జనరేటరు దడదడమంటోంది. తక్కిన జనం గొడుగులేసుకుని వెళ్లిపోయారు, ఆ ముగ్గురూ ఉండిపోయారు. బల్లమీద బ్యాటరీ దీపం పెట్టాను. మా మరిది హుషారుగా ఉన్నాడు.

"ఇయాల తేల్చీద్దాం," అన్నాడు. "మొత్తం ఊరికి ముగ్గురే. ఒకటి మింగళాడోన్. సరే, రెండు లతే అనుకో. మూడు..."

ఆగిపోయాడు. దగ్గాడు. షావుకారు చెయ్యి ఫ్లాస్కు మీదకి వెళ్లింది. సయా చెంచా అందుకున్నాడు.

కెటిల్‌ని బల్లమీద దబ్బున పెట్టాను. టీ చిమ్మి షావుకారు తెల్లచొక్కా మీద పడింది.

"మూడోది సెప్పడానికి నోరు పడిపోనాదేటి?" అన్నాను.

మరిది లేచి నిలబడ్డాడు. "అది కాదు వదినా. నీ ముందర అన్నయ్య ఊసెత్తితే నీకు కష్టంగా ఉంటాదని... ఎత్తకూడదని ముగ్గురం అనుకున్నాం."

"ఎప్పుడనుకున్నారు?"

"నువ్వు దుకానం తెరిసిన రోజునే."

"ముగ్గురు మగోల్లు కూకుని నా తరపున మీరే నిర్నయం సేసీసినారా? నన్నొక్క మాట అడిగినారా? ఆయన పోయినప్పుడు ఎవులూ రానేదు. అది మీ తప్పు కాదు, రోజులలాటివి. ఇప్పుడు రోజూ వస్తన్నారు కదా, ఇప్పుడేటొచ్చింది? ఆయన ఒక్కసారే పోయినారు. మీరు రోజూ సాయంత్రం మల్లీ సంపుతన్నారు."

నా గొంతు నాకే వేరేగా వినిపించింది. సయాకు ఆ తెలుగు అర్థమయి ఉండదు. అయినా తల దించుకున్నాడు.

షావుకారు మాత్రం చొక్కా మరక తుడుచుకుంటూ మొహం గంటు పెట్టుకున్నాడు. ఆయనకూ తిక్క తక్కువేం కాదు. "ఊసెత్తితే మాత్రం సెప్పడానికేముందమ్మా?" అన్నాడు. "మీ ఆయన ఒక్క కప్పు గెలిచినాడా? ఫైనలు మొహం సూసినాడా? వచ్చిన ప్రతీవోణ్నీ జట్టులో ఏసీసుకునీవోడు, పరిగెట్టలేనోణ్ని కూడా. మనిషి మంచోడే. కోచ్ మాత్రం కాడు. మూడో పేరు కాదు కదా, ముప్పయ్యో పేరు కూడా..." అని నాలిక్కరుచుకున్నాడు.

నాకు కోపం రావాలి. రాలేదు. నా మొగుణ్ని ఎవరో ఎదురుగా నిలబెట్టి కడిగేస్తున్నట్టుంది. తిట్టాలంటే తిట్టించుకునే మనిషి ఉండాలి కదా. ఒళ్లంతా వెచ్చబడింది.

"ఆగిపోయినారేటి అన్నయ్యగారూ? కానీండి," అన్నాను.

అంతే, మా మరిది మింగళాడోన్‌ను గాలికొదిలేసి అందుకున్నాడు. "కప్పులు నేవంటావు, ఆ పిల్లలకి బూట్లున్నాయా? బడి మొత్తానికి ఒక్క బంతి. వానకి నానిందంటే రాయే. అదీ నేకండా ఆట నేర్పీసినోడు మా అన్నయ్య!"

"బంతి నేకండా ఆటేటి?" అన్నాను. నాకు నిజంగానే తెలీదు.

సయా తలెత్తాడు. ఆయన పాఠం చెప్పే గది మేడమీదట, కిటికీ మైదానం వైపట. మెల్లగా బర్మాలో చెప్పుకొచ్చాడు. వానలు పట్టుకోగానే మా ఆయన బంతిని బీరువాలో పెట్టి తాళం వేసి పిల్లల్ని ఉత్త మైదానంలోకి దింపేవారట. రెండు జట్లూ లేని బంతి వెనక పరిగెత్తేవట. ఒకడు గాలిని తన్నితే అవతలివాడు దాన్ని ఛాతీతో ఆపేవాడు. గోలుకీపరు ఏమీలేని దానికోసం బురదలోకి దూకేవాడు. తోటివాళ్ల కళ్లు చూసి బంతి ఎక్కడుందో తెలుసుకోవాలి, అదీ పాఠం. ఒకరోజు ఆ లేని బంతి గీత దాటిందా లేదా అని పిల్లలు చొక్కాలు పట్టుకుని కొట్టుకున్నారట. మా ఆయన కాసేపు ఆలోచించి, దాటలేదని తీర్పు చెప్పారట.

"నా పిల్లలు లెక్కలు మానేసి కిటికీ దగ్గర చేరేవాళ్లు, నేనూ చేరేవాణ్ని," అన్నాడు సయా. "కాసేపయ్యాక నాకూ బంతి కనిపించేది, అమ." అమ అంటే బర్మాలో అక్కా అని.

నేను నవ్వేశాను. ఇన్నేళ్లూ ఆ బురద లుంగీలు గొణుక్కుంటూ ఉతికాను. ఆ బురదలో ఏం జరిగేదో ఇప్పుడు తెలిసింది. ఆయన గురించి నాకు తెలియని ముక్క ఒకటి దొరికింది, ఇంకోటి కావాలనిపించింది.

"అందుకే నిజం బంతి వచ్చినపుడల్లా ఓడిపోయీవోరు," అన్నాడు షావుకారు.

"ఉండండి మీరు," అన్నాను. "ఇంట్లో పిల్లి మీద కూడా అరవని మనిషి. అంతమంది పిల్లల్ని ఎలాగ ఆడించీవోరు?"

ముగ్గురూ మొహాలు చూసుకున్నారు. షావుకారుతో సహా నవ్వారు. "అన్నయ్య అరవడా?" అన్నాడు మరిది. "వదినా, కాలవ అవతల పడవలోల్లకి ఇనపడీది! మామూలుగా బర్మాలోనే సెప్పీవోడు. తిక్క రేగితే మన తెలుగే."

అప్పుడు సయా లేచాడు. నెమ్మది మనిషి, గట్టిగా తుమ్మడానికి కూడా మొహమాటపడతాడు. లుంగీ బిగించి కట్టుకుని, వాన వైపు తిరిగి, రెండు చేతులూ నోటి చుట్టూ దొప్పలా పట్టాడు.

"ఎనక్కి సూడకురా! ఎనకోడున్నాడు!"

తెలుగు ముక్క రాని మనిషి నోట మా శ్రీకాకుళం తెలుగు. తెలుగు ఒక్కటే కాదు, చివర్న కాస్త విరిగే ఆ గొంతు కూడా మా ఆయనదే. జ్వరంలోనూ నిద్రలోనూ నేను విన్న గొంతే, ఇంత పెద్దగా మాత్రం ఎప్పుడూ వినలేదు. ఏళ్ల తరబడి కిటికీలోంచి విని విని సయా దాన్ని ఉన్నదున్నట్టు పట్టేశాడు. ఎదురింటివాళ్లు కిటికీ తీసి చూశారు.

"మల్లీ అనండి సయా," అన్నాను.

మళ్లీ అన్నాడు. మరిది స్టూలు జరిపితే కూర్చున్నాను. దుకాణం పెట్టాక ఆ బల్ల దగ్గర నేను కూర్చోవడం అదే మొదలు.

సయా మళ్లీ మెత్తని మనిషైపోయాడు. "ముందుకు పరిగెత్తే పిల్లాడు దడిసి తల తిప్పినప్పుడల్లా ఇదే అరిచేవాడు," అన్నాడు. "బర్మా పిల్లలూ, తమిళ పిల్లలూ, అందరూ ఒకరికొకరు ఇదే అరుచుకునేవాళ్లు. నేను అర్థం ఎప్పుడూ అడగలేదు. అర్థం ఏమిటి, అమ?"

బర్మాలో చెప్పాలి. వెనక్కి చూడకు అన్నంతవరకూ చెప్పాను. తరవాతి మాట దగ్గర ఆగాను. తనకు సరిగా వినపడలేదేమోనని సయా ముందుకు వంగాడు. "నీ వెనక నిన్ను కాసేవాడు ఒకడున్నాడు," అన్నాను చివరికి.

ఏడుపొచ్చింది. ముగ్గురు మగాళ్ల ఎదుట, కొంగు కూడా అడ్డం పెట్టుకోకుండా, ఆయన పోయిన రోజు ఏడవాల్సిన ఏడుపంతా ఏడ్చాను. ఊరుకో అని ఎవరూ అనలేదు. మా మరిదీ ఏడ్చాడు. ఈసారి ఎవరూ దగ్గలేదు, టీ కలపలేదు.

నా ఏడుపు తగ్గాక షావుకారు ఫ్లాస్కు పక్కకి జరిపాడు. ఆయన కళ్లూ తడిగానే ఉన్నాయి, మొండితనం మాత్రం ఎక్కడికీ పోలేదు. "ఎంతైనా సెల్లెమ్మా, కప్పయితే గెలవలేదు కదా," అన్నాడు.

"గెలవనేదు," అన్నాను. "ఆ మాటే రేపొచ్చి మల్లీ అనండి."