మెయిన్ దించిన డిస్కులో పెళ్లిపాటలు

1998. బెంగాల్లోని ఖరగ్‌పూర్‌లో, మలంచా రోడ్డు మీద అప్పలస్వామికి జిరాక్సు, డీటీపీ దుకాణం ఉండేది. రైల్వే వర్క్‌షాపులో ఫిట్టరుగా రిటైరైన మనిషి. అతని కంప్యూటర్లో విండోస్ బదులు లినక్స్ ఎక్కించింది నేనే. కాలేజీ గుమ్మం తొక్కకుండా, మాన్యువళ్లు తిరగేసి నేర్చుకున్న విద్య నాది. "పాడైతే ఫార్మాట్ కొట్టెయ్" అనేవాళ్లను చూస్తే నాకిప్పటికీ ఒళ్లు మండుతుంది. అందుకే ఇది రాస్తున్నాను.

సర్వీసంతా షిఫ్టు సైరన్‌కి మెయిన్ స్విచ్ దించిన చెయ్యి అప్పలస్వామిది. దుకాణంలోనూ అదే అలవాటు. వర్క్‌షాపు సైరన్ వినబడితే చాలు, మెయిన్ దిగిపోయేది. కంప్యూటర్ రాయవలసినదాన్ని కాసేపు మెమరీలో ఉంచుకుని తర్వాత డిస్కుకు ఎక్కిస్తుంది. మధ్యలో కరెంటు తీస్తే ఫైల్‌సిస్టమ్, అంటే ఏ ఫైలు డిస్కులో ఎక్కడుందో చూసుకునే ఏర్పాటు, చిందరవందరవుతుంది. అన్నాళ్లూ ఎలాగో తప్పించుకుంది. ఒకరోజు మాత్రం తప్పించుకోలేదు.

నేను వెళ్లేసరికి అతని కూతురు లక్ష్మి, తెలుగు బడి టీచరు, తెర ముందు బిగుసుకుని కూర్చుంది. నానమ్మ పాడిన పెళ్లిపాటలన్నీ అందులోనే టైపు చేసి దాచింది. ఆ తర్వాత పక్షవాతంతో ముసలావిడకు మాట పడిపోయింది. మళ్లీ పాడించుకునే దారి లేదు.

"పాటలొస్తాయా మావయ్యా?"

"ముందు మీ నాన్నని ఆ స్విచ్ దగ్గర్నించి లెగమను."

"ఎన్ని మెయిన్లు దించినాను బావా! ఏ లేత్ మిషనూ పాడవనేదు," అన్నాడు అప్పలస్వామి.

"లేత్ మిషను పాటలు దాసుకోదురా!"

దెబ్బతిన్న ఫైల్‌సిస్టమ్‌ను సరిచేసే ప్రోగ్రాం fsck. తప్పు కనబడిన ప్రతిచోటా 'సరిచెయ్యనా?' అని అడుగుతుంది.

"బాగుసేస్తానంటోంది కదా, అన్నిటికీ ఎస్ కొట్టెయ్," అన్నాడు అప్పలస్వామి.

"కాలు నొప్పని ఆస్పత్రికెల్తే, కోసేస్తానంటే ఎస్ అంటావేటి?"

డిస్కు చప్పుడు విన్నాను. టకటకలు లేవు, చదవడానికీ మొరాయించలేదు. అంటే దెబ్బ రాతకే, లోహానికి కాదు. ఇంటినుంచి నా డిస్కు తెచ్చి, దానిమీదికి మొత్తం ఉన్నదున్నట్టుగా నకలు తీశాను. ఆ నకలు మీదే fsck నడిపి అన్నిటికీ ఎస్ అన్నాను. తప్పులేమీ మిగల్లేదని తెర చెప్పింది.

"ఠీక్ హై! నాన్న తప్పేటీ నేదు, సూడు!" అన్నాడు అప్పలస్వామి కూతురితో.

లక్ష్మి వెతికింది. శుభలేఖలున్నాయి, రబ్బరు స్టాంపుల డిజైన్లున్నాయి. పాటల ఫైలు లేదు. అప్పలస్వామి గోడకేసి తిరిగిపోయాడు.

"ఏడవకే. అసలు డిస్కు మీద నేను సెయ్యే ఎయ్యలేదు," అన్నాను.

మళ్లీ నకలు తీశాను. ఈసారి ప్రతి ప్రశ్ననూ చదువుతూ వెళ్లాను. ఫైలు ముక్కలు ఎక్కడెక్కడున్నాయో చెప్పేది ఐనోడ్. పాటల ఫైలు ఐనోడ్‌లో కొన్ని చిరునామాలు తప్పుగా ఉన్నాయి. అందుకని మొత్తం ఐనోడ్‌నే తుడిచెయ్యనా అని అడిగింది. ఇందాక నేను ఎస్ అన్నది దీనికే. ఇప్పుడు నో అన్నాను. తప్పుడు చిరునామాలు వదిలేసి, మంచివాటి వెంట పోయి ముక్కలన్నీ ఫ్లాపీలోకి లాగాను. పాటలొచ్చాయి. ఒక్క అప్పగింతల పాట మాత్రం సగంలో తెగింది.

fsckకి కావలసింది డిస్కులో లెక్క కుదరడం. పాట పోయినా దానికి లెక్క కుదిరినట్టే. ఏది తుడవచ్చో, ఏది తుడవకూడదో తేల్చాల్సింది అది కాదు, మనం. ఆనాటినుంచి ఎవరు డిస్కు తెచ్చినా, చెయ్యి వెయ్యకముందే ఒకటడుగుతాను: ఇందులో ఏది పోతే మళ్లీ దొరకదు?