సమ్మన్న కుడికాలి బొటనవేలు

నిన్న పొద్దున చాయ్ తాగుతుంటే సమ్మన్న కొడుకు రవి ఫోన్ చేశాడు.

"కాకా, నాయిన పోయిండు."

మొన్న ఆదివారమే కదా సమ్మన్నతో మాట్లాడాను! మటన్ మానేయమన్నాడని డాక్టర్‌ని తిట్టాడు. గట్టిగానే తిట్టాడు.

అంత గొంతున్న మనిషి ఇట్లా పోతాడని ఎవరనుకుంటారు?

మీలో చిన్నవాళ్లకు ఆయన వరంగల్ మార్కెట్‌లో బస్తాలు మోసిన పెద్దమనిషి. మాకు మాత్రం పెనాల్టీ కొట్టే సమ్మన్న.

1970ల చివరి మాట ఇది. కాజీపేటలో మా వాడకట్టు ఫుట్‌బాల్ టీమ్‌కి నేను గోల్‌కీపర్ని. పెనాల్టీ వస్తే సమ్మన్నదే. సరిగ్గా బాల్ వెనక నిలబడి, నేరుగా ఉరికొచ్చి, బొటనవేలితో పొడిచేవాడు. బూట్లు లేవు, ఉత్త కాలే. ప్రాక్టీస్‌లో బాల్ లోపలికి పోయాక నేను డైవ్ చేసేవాణ్ణి, పరువు కోసం.

పగలంతా వాళ్ల నాయనతో కలిసి హమాలీ పని.

ఆ ఏడు టోర్నమెంట్ ఫైనల్ దగ్గర పడుతుండగా ఆ కాలి మీదే వడ్ల బస్తా పడింది. బొటనవేలి గోరు ఊడిపోయింది. ఇంకో దెబ్బ తగిలితే వేలు తీసేయాల్సిందేనని దవాఖానలో చెప్పారు.

ఫైనల్ చూడటానికేమో రైల్వే సెలక్టర్లు వస్తున్నారు. స్పోర్ట్స్ కోటా. బాగా ఆడితే సర్కారీ నౌకరీ.

టీమ్‌లో తలో మాట. నేనైతే, "గుడ్డ కట్టుకొని ఒక్కసారి వేలుతోనే కొట్టే అన్నా. నౌకరొస్తే ఇగ మూటలెందుకు?" అన్నాను.

"రాకుంటే? బొటనవేలు లేకుంట మూటెట్ల మొయ్యాల్రా? నాయినకు నడుము లేస్తలేదు."

అంతే. వేలు తగలకుండా, పక్కనుంచి వచ్చి పాదం లోపలి వైపుతో తన్నడం మొదలుపెట్టాడు.

అదేమన్నా మాటలా? పుట్టినప్పటినుంచి కుడిచేత్తో తిన్నవాణ్ణి ఎడమచేత్తో తినమన్నట్టే. ఒక సాయంత్రం బాల్ పోయి, పుష్ప పెద్దమ్మ ఎండబోసిన మిరపకాయల్లో పడింది. చీపురు పట్టుకొని వచ్చింది. "నీ కాళ్లిరగ! అంత పెద్ద గోల్ కండ్లవడ్తలేదా? నా మిరపకాయలే దొర్కినయా?" సమ్మన్న తుమ్ముకుంటూ కూచొని, చెదిరిన కాయలన్నీ ఏరిపెట్టాడు. మర్నాడు మళ్లీ అటే కొట్టాడు.

ఫైనల్‌లో ఒక గోల్ వెనకున్నాం. చివర్లో పెనాల్టీ వచ్చింది.

బాల్ పెట్టి, అలవాటుగా దాని వెనక నేరుగా నిలబడ్డాడు. "వేలుతోటే కొట్టే!" అని గ్రౌండంతా ఒకటే అరుపులు. నేనూ అరిచాను. సమ్మన్న ఒకసారి గీత బయట నిలబడ్డ వాళ్ల నాయన వైపు చూశాడు.

తర్వాత పక్కకు జరిగాడు.

బాల్ పోస్టుకు తగిలి బయటికి పోయింది.

నోటికాడి ముద్ద జారిపోయింది. ఆట పోయింది, నౌకరీ పోయిందని మేము తలలు పట్టుకున్నాం. వాళ్ల నాయన మాత్రం తువ్వాల దులుపుకుంటూ లోపలికి వచ్చి, ముందు కొడుకు కాలు చూశాడు.

"నెత్తురొచ్చిందా?"

"లేదు నాయినా."

"మంచిగైంది. పా, బువ్వ తిందాం."

ఇప్పుడు టైప్ చేస్తుంటే కూడా ఆ మాటే చెవిలో వినిపిస్తోంది.

తర్వాత ఏళ్లకేళ్లు ఆ కాళ్ల మీదే బస్తాలు మోశాడు. చెల్లెళ్ల పెళ్లిళ్లు చేశాడు. రవిని చదివించాడు. చివరికి షుగర్ వచ్చి ఆ వేలినే తీసేశారు. ఏ వేలి కోసం నౌకరీ పోగొట్టుకున్నాడో దాన్నే! దవాఖానలో నేను ఏడిస్తే నన్నే తిట్టాడు.

"నువ్వెందుకేడుస్తవ్ బే? దాంతోని పని ఒడిసింది. పోతె పోనియ్."

పోయినేడు ఫోన్‌లో అమెరికా ఫుట్‌బాల్ వీడియో చూపించాను. కోడిగుడ్డులాంటి బాల్. వాళ్లలోనూ ఒకప్పుడు చాలామంది నేరుగా వచ్చి వేలితోనే తన్నేవాళ్లట. తర్వాత ఒక్కొక్కరే పక్కనుంచి తన్నడానికి మారారట. సమ్మన్న దాన్ని మళ్లీ మళ్లీ పెట్టించుకొని చూశాడు.

"సూసినవా? నేను తన్నింది తప్పుగాదు. ఆ పోస్టే జర లోపలికున్నది."

నిన్న మధ్యాహ్నం సాగనంపే ముందు, ఆనవాయితీ ప్రకారం కాళ్ల బొటనవేళ్లు రెండూ కలిపి కట్టాలి. దారం పట్టుకున్న పెద్దాయన కుడికాలు చూసి ఆగిపోయాడు. పక్క వేలికి కట్టమని ఎవరో అన్నారు.

అప్పటిదాకా ఏడుస్తున్న వదిన తల ఎత్తింది.

"వద్దు. గా కాలు ఇడ్వుండ్రి. పోయినకాడ బాల్ తన్నుకుంటడు."

దారం పక్కన పెట్టేశారు.

పోయి రా అన్నా. నేరుగా తన్నుతావో, పక్కనుంచి తన్నుతావో నీ ఇష్టం. నీ కాళ్ల మీద ఇక ఏ బరువూ లేదు.

నిమ్మళంగా ఉండు.