సీసాలోని రంగు

చేపల పుస్తకం చూసినవాళ్ళందరూ మా వదినను మెచ్చుకుంటారు. "పొలుసు పొలుసూ ఎంత ఓపిగ్గా వేశారండీ" అంటారు. ఆవిడ తలూపి, మడుగు పరిగె అనే చేప ఉన్న పేజీ రాకముందే పుస్తకాన్ని వాళ్ళ చేతుల్లోంచి మెల్లగా తీసేసుకుంటుంది. ఈవిడకి బొత్తిగా గర్వం లేదు అనుకుంటూ వాళ్ళు వెళ్ళిపోతారు. వినయమూ కాదు, నా తలకాయా కాదు. ఆ పేజీలో వేసిన రంగు తప్పు. దాని వల్ల ఏం పోయిందో ఆవిడకు తెలుసు, నాకు తెలుసు.

వదిన అంటే మా ఆయనకు అక్క. పెళ్ళి వద్దనుకుంది. మా మేడ మీద గదిలో ఉంటుంది. కింద వీధి వైపు గదిలో నా కుట్టు షాపు. ఆవిడ ఉద్యోగం మ్యూజియంలో బొమ్మలు గీయడం. ఏటి ఒడ్డున నిలబడి, చేతిలో చేపనూ పుస్తకంలో బొమ్మనూ పక్కపక్కన పెట్టి, ఇది ఫలానా చేప అని ఎవరైనా పోల్చుకునేలా వాళ్ళొక పుస్తకం వేశారు. చేతిసంచిలో పట్టేంత పుస్తకం. అందులో బొమ్మలన్నీ మా వదినవే.

ఆ పని చూస్తే నాకు తల తిరిగేది. చేపను తెల్ల పింగాణీ పళ్ళెంలో పడుకోబెట్టి, రెక్కలు విప్పి గుండుసూదులతో నిలబెట్టి, భూతద్దం కింద ఒంటి మీది పొలుసులు లెక్కపెడుతుంది. లెక్క తప్పితే మళ్ళీ మొదటికి. "వదినా, నా జాకెట్టుకి హుక్కులే నేను లెక్కపెట్టను" అంటే, "అందుకే నీ దగ్గర కుట్టించుకున్నవాళ్ళు పిన్నీసులు పెట్టుకు తిరుగుతారు" అనేది. నోట్లో నాలుక లేనట్టుంటుంది గానీ, నా దగ్గర మాత్రం బాగానే ఉంది.

ఆవిడకో నియమం ఉంది. కంటితో చూడనిది కాగితం మీద పెట్టదు. ఊహించి ఒక్క చుక్క కూడా వేయదు. అందుకని చేపల్ని పొద్దున్నే బజారు నుంచి ప్రాణంతో తెప్పించుకుని, చచ్చి రంగు మారేలోపల రంగులు పూర్తి చేసేది. మడుగు పరిగె ఒక్కటే బజారుకు రాదు. అది ఊరి చివర, ఏరు మలుపు తిరిగే చోట ఉన్న మడుగులో తప్ప ఇంకెక్కడా లేదట. ఎవరో ఎప్పుడో పట్టి మందునీళ్ళ సీసాలో వేసినవి మ్యూజియంలో ఉన్నాయి. మందులో పడ్డ చేపకు రంగు నిలవదు. ముందు ఎరుపూ నారింజా పోతాయి, చివరికి బూడిద రంగు మిగులుతుంది. సీసా మీద చీటీలో రంగు సంగతి ఎవరూ రాయలేదు.

ఆవిడ వెళ్ళి ఆఫీసులో పెద్దసారును అడిగింది. "ఉన్నది ఉన్నట్టు వేసెయ్యమ్మా, ప్రెస్సువాడు కూర్చున్నాడు" అన్నాడాయన. నియమం ప్రకారమూ అంతే కదా. చూసిందే వేసింది. బూడిద రంగు చేప, ముద్దొచ్చే బొమ్మ. ఇది సీసాలోని రంగు అని కింద ఒక్క ముక్క రాసి ఉంటే సరిపోయేది. రాయాలని తట్టలేదు.

పుస్తకం వచ్చాక నేనే ఆవిడను ఏటికి లాక్కెళ్ళాను. ఇన్ని చేపలు గీసిన మనిషి ఏరు మొహం చూడకపోవడమేమిటని నా పోరు. ఇద్దరం మడుగు ఒడ్డున రాళ్ళ మీద కూర్చుని తిన్నాం. నేను టిఫిను డబ్బా మూత కడుగుతుంటే అందులోకి వేలెడు చేప వచ్చి పడింది. మొప్ప దగ్గర నుంచి తోక దాకా నిప్పుకణికలాంటి గీత.

"వదినా, చూడు, నీ చారల పరిగె" అన్నాను. చారల పరిగె అంటే ప్రతి కాలవలోనూ ఉండేది, దానికీ నారింజ గీతే. పుస్తకంలో ఈ రెండూ ఎదురెదురు పేజీల్లో ఉన్నాయి.

ఆవిడ మూత మీదికి వంగింది. వేలు చూపిస్తూ ఏదో లెక్కపెట్టింది.

"చారల దానికి మీసాలు రెండే. దీనికి నాలుగున్నాయే."

"అయితే?"

"ఇదే మడుగు పరిగె. నేను బూడిద పూసింది దీనికే."

మూత నీళ్ళలో ముంచి చేపను వదిలేసింది. పట్టుకుపోదామంటే ఒప్పుకోలేదు. "రంగులు తెచ్చుకుని మళ్ళీ వద్దాం. చేప ఎక్కడికి పోతుందిలే" అంది. దారి పొడుగునా బస్సు కిటికీలోంచి బయటికే చూస్తూ కూర్చుంది.

మర్నాడే పెద్దసారు చెవిన వేసింది. ఆయన ఉలకలేదు. "రెండో ముద్రణలో చూద్దాం. మన తప్పు మనమే చాటుకుంటామా?" అన్నాడు. పుస్తకాల కట్టలింకా స్టోరులోనే ఉన్నాయి. "జిగురు డబ్బా నేను తెస్తాను, కూర్చుని చీటీలు అతికించేద్దాం, ఆయన ఎవరు కాదనడానికి" అన్నాను. "పెద్దాయన వద్దన్నాక ఎలాగే" అంది. గోటితో పోయేది గొడ్డలి దాకా వచ్చింది అక్కడే. మొహమాటం మా వదిన ఒంట్లో ఎముకలాగా ఉంటుంది, ఎంత కోప్పడినా వంగదు. నాకు ఇప్పటికీ ఒళ్ళు మండుతుంది. మడుగుకైనా మళ్ళీ వెళ్ళిందా అంటే, ఇవాళ వాన, రేపు పని. చేప ఎక్కడికి పోతుందిలే.

తర్వాత ఏటిని తిన్నగా చేసి మలుపు పూడ్చాలని ఎవరికో బుద్ధి పుట్టింది. పూడ్చేముందు అందులో అరుదైన ప్రాణి ఏదైనా ఉందేమో చూసి రావాలని రూలట. ఉంటే పని ఆపాలి. సర్వే కుర్రాళ్ళిద్దరు ఈ పుస్తకమే పట్టుకుని వెళ్ళారు. పాపం, తిన్నగానే చేశారు. వల వేశారు, చేప పడింది, నారింజ గీత కనిపించింది. పుస్తకం తెరిస్తే నారింజ గీత ఉన్న పేజీ ఒకటి, బూడిద చేప పేజీ ఒకటి. ఏ పేజీ మీద వేలు పెడతారు? చారల పరిగె, సర్వసాధారణం అని రాసుకున్నారు. నేనైనా అంతే కదా, ఆవేళ మూతలో చూసి అదే అన్నాను.

వాళ్ళు పట్టిన చేపలు సీసాల్లో మ్యూజియంకు చేరేసరికి ఏటి దగ్గర మట్టి లారీలు తిరుగుతున్నాయి. సీసాలు సర్దడం వదిన పనే. చారల పరిగె అని చీటీ ఉన్న సీసా మూత తీసి, ఒకదాన్ని పళ్ళెంలో పెట్టింది. అప్పటికే గీత వెలిసిపోయింది. చేప అచ్చం ఆవిడ వేసిన బొమ్మలాగే ఉంది, నాలుగు మీసాలతో సహా. ఆ సీసాలో ఉన్నవన్నీ అవే.

ఆ రోజు మాత్రం మొహమాటం లేదు. గది గదికీ తిరిగింది, అందరినీ నిలబెట్టి అడిగింది, పెద్దసారు మీద గొంతెత్తిందట కూడా. చేతులు కాలాక ఆకులు. మేమిద్దరం వెళ్ళేసరికి మలుపు లేదు. మట్టి, దాని మీద రోలరు నడిచిన గుర్తులు. వదిన చెప్పులు విడిచి ఆ మట్టి మీద కాసేపు నిలబడింది. ఏడవలేదు. ఏడ్చినా బాగుండేది. తిరిగొచ్చేటప్పుడు, "నేను చూడనిది వెయ్యనని అందరికీ చెప్పుకు తిరిగానే. వెళ్ళి చూడాలని మాత్రం తోచలేదు" అంది.

ఇప్పుడు పెద్దసారు రిటైరయ్యాడు. ఆయన కుర్చీలోకి వచ్చిన మేడమ్ రెండో ముద్రణ మొదలుపెట్టింది. మడుగు పరిగెకు అసలు రంగు వేసివ్వమని అడిగింది. ఇంకెక్కడైనా ఉంటే ఈ బొమ్మ చూసైనా ఎవరో ఒకరు పోల్చుకోవాలి కదా అంది. ఆ చేపను ప్రాణంతో చూసి, మీసాలు లెక్కపెట్టి, ఇది అదేనని తెలిసినవాళ్ళు మేమిద్దరమే. వదిన బొమ్మ గీసింది, పొలుసులు నింపింది, కుంచె కడిగింది. గీత దగ్గర ఆగిపోయింది.

నిన్న మధ్యాహ్నం షాపులోకి కేకేసింది. "నీ దారాల పెట్టె పట్టుకురా. ఆ రంగు నీకు గుర్తుందా?"

"నాకు గుర్తులేకపోవడమేమిటి? గుడ్డ ముక్క చూసి దారం తెచ్చేదాన్ని, నన్నా అడుగుతావు?" అన్నాను. నారింజ రీళ్ళన్నీ బల్ల మీద గుమ్మరించాను. "నువ్వొకటి తియ్యి, నేనొకటి తీస్తాను. ఒకరిది ఒకరం చూడకూడదు" అంది. చిన్నపిల్లల ఆటలా ఉందని నవ్వుకుంటూ వెనక్కి తిరిగి తీశాను. నాకు ఏమాత్రం అనుమానం లేదు.

గుప్పిళ్ళు తెరిచాం. నాది ఎరుపు కలిసిన నారింజ, ఇటుక మీద నీళ్ళు చల్లినట్టుంది. ఆవిడది పసుపు వైపు పోయే నారింజ. రెండిటికీ పొంతన లేదు.

"నువ్వు ఎండలో చూశావేమో వదినా" అన్నాను.

"మూత మీద నా నీడ పడింది" అంది. మళ్ళీ, "లేదే, నీ నీడేమో" అంది.

రెండు రీళ్ళనూ బొమ్మ మీద పక్కపక్కన పెట్టి చూసింది. కిటికీ దగ్గరికి తీసుకెళ్ళి చూసింది. చాలాసేపటికి మొహం తేటపడింది.

"ఇంత అనుమానం దేనికే, ఒక్కసారి మడుగుకి వెళ్ళి చూసొస్తే పోలా" అంటూ లేచింది. మేకుకున్న గొడుగు తీసుకుంది. చెప్పుల్లో ఒక కాలు పెట్టింది. రెండో కాలు పెట్టబోయి ఆగి, నా వైపు చూసింది.

నేను రీళ్ళు పెట్టెలో సర్దుతున్నట్టు తల వంచుకున్నాను. గొడుగు మళ్ళీ మేకుకు తగిలించిన చప్పుడు వినిపించింది.