జానెడు జాగా

గోదావరిఖనిలో మా పక్క క్వార్టర్ అక్క ప్రతి ఆదివారం వాకిట్లో ఇద్దరు కుర్రాళ్ళ బొమ్మలు వేసేది. తను ఫోన్‌లో చూసే యానిమే అనే జపాన్ బొమ్మల సీరియల్‌లో వాళ్ళు ఒకే గురువు దగ్గర కత్తిసాము నేర్చుకునేవాళ్ళు. మొహాలకు ముగ్గుపిండి, జుట్టుకు మా కిటికీల్లో రోజూ పేరుకునే బొగ్గుపొడి. ఇద్దరి మధ్యా జాన పెట్టి కొలిచి, అంత జాగా వదిలేది.

వాళ్ళది ప్రేమ అని అక్క అనడం ఎదురింటి కాకకు గిట్టలేదు.

"వాళ్ళు దోస్తులే కదా బిడ్డా. ప్రేమ అని కథల ఎక్కడ చెప్పిండ్రు?"

"అన్ని నోటితోనే చెప్తరా కాకా? దెబ్బ వీనికి తాకితే వాడు కండ్లు మూసుకుంటడు. గది సూడు."

మధ్యాహ్నానికి ఎవరో ఆ బొమ్మల మీద బకెట్ నీళ్ళు కుమ్మరించారు. ఎవరని అక్క అడగలేదు. తర్వాతి ఆదివారం అక్కడే మళ్ళీ వేసింది. ఈసారి మధ్యలో బెత్తెడే వదిలింది. అదీ కొట్టుకుపోయింది. ఆ పై వారం ఇద్దరి భుజాలూ ఆనించి వేసి, లోపలికి పోకుండా గడప మీదే కూర్చుంది.

కాసేపటికి నిండు బకెట్‌తో కాక వచ్చాడు. ఆమెను చూసి ఆగిపోయాడు.

అక్క లేవలేదు. చేతికంటిన బొగ్గు కూడా తుడుచుకోలేదు.

"పొయ్యరాదు కాకా, ఆగినవేంది? నువ్వు కడిగినకొద్ది వీళ్ళు దగ్గరైతనే ఉంటరు."

ఆ నీళ్ళు కాక తన వాకిట్లోనే చల్లుకున్నాడు.