గెజిటెడ్ సంతకం పెట్టించిన కాపీ

టెండర్లు కంప్యూటర్లోకి వచ్చిన కొత్తలో నేను నంద్యాలలో విలేకరిని. ఆళ్లగడ్డ దగ్గర నాకొక మిత్రుడుండేవాడు. కల్వర్టులు, సైడు కాలువలు కట్టే చిన్న కాంట్రాక్టరు. వాళ్ల ఊరి వాగుకు వంతెన లేదు. ఒక వానాకాలం వాళ్లమ్మను ఆసుపత్రికి మంచం మీద మోసుకొస్తుంటే, వాగు తగ్గేదాకా గట్టునే ఆగాల్సి వచ్చింది. ఆమె అక్కడే కన్నుమూసింది.

ఆ వాగు మీద వంతెనకు టెండరు పిలిచారని తెలియగానే మా ఆఫీసుకొచ్చి, అది తానే కట్టాలన్నాడు. లాభం మాట ఎత్తలేదు.

కంప్యూటర్లో టెండరు వేయాలంటే డిజిటల్ సంతకం కావాలి. దానికొక సర్టిఫికెట్. నంద్యాలలో ఒక ఇంటర్నెట్ సెంటర్ ద్వారా తెప్పించుకున్నాడు. అది ఆ సెంటర్లోని కంప్యూటర్ మిషన్‌లోనే ఉంటుందనీ, ఒక కాపీ తీసి భద్రంగా పెట్టుకోమనీ సెంటర్ యజమాని చెప్పాడట.

గడువు చివరి రోజు నన్నూ వెంటబెట్టుకుని వెళ్లాడు. వైరస్ పట్టిందని అంతకు ముందే ఆ మిషన్‌ను ఫార్మాట్ చేసేశారు. లోపలున్నదంతా పోయింది. యజమాని కంగారుగా కాపీ ఏదని అడిగాడు. మావాడు నిబ్బరంగా సంచి తెరిచాడు. తెర మీది సర్టిఫికెట్ పేజీకి తీసిన ప్రింటు, లామినేషన్ చేయించి ఉంది. దానితోపాటు జిరాక్సు, దాని మీద ఆకుపచ్చ సిరాతో గెజిటెడ్ అధికారి సంతకం.

"ఇది కాదన్నా. ఫ్లాపీలోకి తీసుకోమంటి. సంతకం పెట్టే తాళం మిషన్లో ఉండె. ఈ కాగితం వట్టి బొమ్మ" అన్నాడు యజమాని.

"కాపీ అంటివి గదప్పా. తీసి బీరువాలో పెట్టినా, పొలం పాసుబుక్కు పక్కన."

అతన్ని ఏమనగలం? రేషను కార్డుకూ, పిల్లల కాలేజీకీ, బ్యాంకుకూ మా వైపు కాపీ అంటే అదే. ఎక్కడా చెల్లకుండా పోలేదు. కొత్త సర్టిఫికెట్ హైదరాబాదు నుంచి రావాలి. సాయంత్రంతో గడువు ముగిసింది.

పని ఇంకొకరికి దక్కింది. వంతెన ప్రారంభోత్సవం వార్తకు నేను వెళ్లాను. మావాడు రాలేదు. పని జరిగినన్నాళ్లూ అటువైపే పోలేదట. తిరుగుదారిలో వాళ్లింటికి పోతే టీ ఇచ్చి, చాలాసేపు వేరే సంగతులు మాట్లాడాడు. నేను లేవబోతుండగా అడిగాడు.

"పునాది యాడిదాకా తీసినారు?"

రాయి తగిలేదాకా తవ్వారని అక్కడి ఇంజనీరు అన్నాడని చెప్పాను.

"నేనైనా ఆడిదాకే తీస్తాంటిని" అని ఖాళీ గ్లాసులు తీసుకుని లోపలికి వెళ్లాడు.