లచ్చన్న మెట్ల మీంచి పడలేదు

ఆరేళ్లు మోసిన బరువును ఈమధ్యే దించాను. దించి, నిటారుగా కూర్చుని మీకు రాస్తున్నాను. చదివి నన్ను తిట్టుకున్నా సరే, చివరిదాకా వినండి.

లచ్చన్న మా జగిత్యాల వైపు మనిషి. టైల్స్ మేస్త్రీ. ఆయన పరిచిన నేల మీద నీళ్లు పోస్తే ఏ మూలనా నిలిచేవి కావు. మేమిద్దరం పనికొచ్చిన ఈ అరబ్బు దేశంలో, ఒక శుక్రవారం పొద్దున అల్ ఖౌద్‌లో నా పాత కారు వెనక్కి తీస్తూ ఆయన్ను గుద్దాను. అద్దంలో చూడలేదు. ఫోన్ చూసుకుంటున్నాను. బోర్లా పడ్డాడు, కుడి మోకాలు నలిగిపోయింది. కారుకు ఇన్సూరెన్స్ గడువు దాటి రెండు నెలలైంది.

ఆగానా? లేదు. కారును పక్క సందులో పెట్టి, ఏమీ తెలియనట్టు పరుగెత్తుకుంటూ వచ్చి ఆయన్ను లేపాను. గుద్దిందెవరో ఆయన చూడలేదు. ఆయన ఒకరి వీసా మీద వచ్చి ఇంకొకరి దగ్గర పని చేస్తున్నాడని, అది ఇక్కడ నేరమని నాకు తెలుసు. ఆ భయాన్నే పట్టుకున్నాను.

"అన్నా, పోలీసులొస్తే ముందుగాల నిన్నే పట్టుకొని ఇంటికి పంపుతరు. దవాఖానల అడిగితే మెట్ల మీంచి పడ్డ అని చెప్పు" అన్నాను.

"అట్లనే చెప్త తమ్మీ. దేవునోలె వచ్చినవ్" అన్నాడు.

అలాగే చెప్పాడు. ఆసుపత్రిలో అలాగే రాసుకున్నారు. కారు గుద్దిందన్న మాట ఏ కాగితం మీదా లేదు కనుక కేసు లేదు, కోర్టు లేదు, నష్టపరిహారం అడిగే దారే లేదు. ఇన్సూరెన్స్ లేకపోయినా నడిపినవాడు జవాబు చెప్పాల్సిందేనని, వీసా గొడవ వేరు, గాయం వేరు అని నాకు తర్వాత తెలిసిందా? కాదు. అప్పుడే సగం తెలుసు. మిగతా సగం తెలుసుకోకుండా జాగ్రత్తపడ్డాను.

మోకాలు వంగని టైల్స్ మేస్త్రీ ఏం చేస్తాడు? అల్ మవాలేలో ఒక షాపు ముందు స్టూలు వేసుకుని కాపలా కూర్చున్నాడు. హమ్రియాలో మా ఇద్దరిదీ ఒకటే రూమ్. ఎవరొచ్చినా నన్ను చూపించి, పోలీసుల నుంచి కాపాడింది ఈ తమ్ముడేనని చెప్పేవాడు. అందరిలో నాకు మంచివాడని పేరొచ్చింది. సిగ్గు లేకుండా ఆ పేరు మోశాను.

పోయిన నెల ఒక మధ్యాహ్నం మా రూమ్ ముందే, కడప నుంచి వచ్చిన ప్లంబర్ ఖాజా భాయ్‌ని ఒక కారు గుద్దింది. చెయ్యి విరిగింది. నడిపినవాడు ఇన్సూరెన్స్ లేదంటూ కాళ్లావేళ్లా పడుతున్నాడు. లచ్చన్న కుంటుకుంటూ వచ్చి, ఖాజా భాయ్ వీపు నిమురుతూ, పోలీసులొస్తే ఇంటికి పంపుతారని, మెట్ల మీంచి పడ్డానని చెప్పమన్నాడు. నా అబద్ధాన్నే, ప్రేమగా, ఇంకొకరికి నేర్పుతున్నాడు!

నా మీద నాకే ఒళ్లు మండింది. వద్దని అరిచాను. పోలీసులకు నేనే ఫోన్ చేశాను. వాళ్లు వచ్చి అంతా రాసుకున్నారు. ఖాజా భాయ్‌ని ఎవరూ ఇంటికి పంపలేదు. ఆయన కేసు ఇప్పుడు నడుస్తోంది. పోలీసులు వెళ్లగానే, సందులో అందరూ వింటుండగా, ఆ రోజు గుద్దింది నేనేనని లచ్చన్నతో చెప్పేశాను.

ఆయన వంగని మోకాలి మీద చెయ్యి పెట్టుకున్నాడు. "నన్ను లేపినప్పుడన్న చెప్పకపోతివి గదరా" అన్నాడు. తమ్మీ అనలేదు. అప్పటి నుంచి నాతో మాట్లాడటం లేదు. మాట్లాడమని అడిగే మొహం నాకు లేదు.

మర్నాడు నేను ముందు, ఆయన వెనక, ఇద్దరం పోలీస్ స్టేషన్‌కు వెళ్లాం. ఏ శిక్ష పడుతుందో ఇంకా తెలియదు. ఆరేళ్ల తర్వాత ఆయనకు ఎంత న్యాయం దక్కుతుందో కూడా తెలియదు. అయినా చెబుతున్నాను, నా బతుకులో నేను గెలిచిన రోజు అదే. లోపలికి వెళ్తుంటే నా కాళ్లు తేలిగ్గా ఉన్నాయి. గుద్దినవాడి పేరేమిటని ఆఫీసరు అడిగాడు. రాయడంలో తప్పు దొర్లకూడదని, ఒక్కో అక్షరం విడమరిచి నా పేరు చెప్పాను.