పక్క సీటు

ఆ డ్రైవింగ్ స్కూల్లో ఆయన్ని అందరూ బ్రేకు మాస్టారనేవారు. నేర్చుకునేవాళ్లు స్టీరింగు పట్టుకుంటే ఆయన పక్క సీట్లో కూర్చునేవాడు. ఆయన కాలి కింద రెండో బ్రేకు ఉండేది. అవతలివాడు కంగారులో ఏది తొక్కినా సరే, బండి టక్కున ఆగిపోయేది. నూనూగు మీసాల వయసులో ఆ సీటెక్కిన మనిషి జుట్టు నెరిసేదాకా దిగలేదు.

రోజూ అవే నాలుగు వీధులు, అదే వంతెన, అదే ఖాళీ మైదానం. మూడో గేరు దాటే అవసరమే వచ్చేది కాదు. ఊరి బయట తారు రోడ్డు అయిపోయిన చోట ఒక మట్టి దారి మొదలవుతుందనీ, అది ఎండిన ఏరు దాటి కొండ మీది గడ్డి నేలలకు పోతుందనీ ఆయన విని ఉన్నాడు. పని మానేశాక సొంత బండిలో, తానే నడుపుకుంటూ, నచ్చిన చోట ఆగుతూ ఆ దారెంట పోవాలని ఆయన కోరిక. దానికి నాలుగు చక్రాలూ లాగే బండి కావాలి.

భార్య ఇంటి ముందు గదిలో కర్టెన్లు కుట్టేది. పెదాల మధ్య ఎప్పుడూ గుండుసూదులే. ఆమె నోట్లోంచి మాట రావాలంటే ముందు సూదులు రావాలి.

"మీ ఇష్టం. కానీ నా నడుము సంగతి కూడా చూడండి" అంది ఆ కోరిక విన్న రోజు. మిషను ముందు కూర్చుని కూర్చుని ఆమె నడుము ఎప్పుడో పాడైంది.

ఆమె చెల్లెలి భర్తకి వాడిన బండ్లు అమ్మే యార్డు ఉంది. మాస్టారు సెలవు దొరికినప్పుడల్లా భార్యను వెంటబెట్టుకుని అక్కడికే పోయేవాడు. తోడల్లుడు మొదట చూపించింది పొట్టి జీపు. ఎలాంటి గుంటలోంచైనా మేకపిల్లలా ఎగిరి బయటపడేది. దాంట్లో క్వారీ దారి మీద ఒక చుట్టు తిరిగొచ్చేసరికి భార్య ఒళ్లు హూనమైంది.

"ఎలా ఉంది వదినా?" అన్నాడు తోడల్లుడు.

"ఒంట్లో ఎన్ని ఎముకలున్నాయో తెలిసింది మరిదిగారూ" అంది ఆమె.

తర్వాతది పెద్ద బండి. సోఫాల్లాంటి సీట్లు, గోడంత తెర. కానీ దాని పొట్ట కిందికి వేలాడుతోంది. మొదటి గట్టు దగ్గరే అడుగున గరగరమని గీసుకుంది. "ఇది పేరుకే కొండలెక్కే బండి. దీన్ని హోటలు ముందు ఆపుకోవాలి" అని మాస్టారు దిగిపోయాడు. ఇంకోదానికి ఇంజను బాగుందిగాని, సీటు తొడలకి ఆనలేదు. గంటసేపు కూర్చుంటే కాళ్లు తిమ్మిరెక్కడం ఖాయం. ఇలా ఒక్కోదానికి ఒక్కో వంక పెట్టేసరికి తోడల్లుడికి తల ప్రాణం తోకకొచ్చింది.

చివరికి బూడిద రంగు బండి ఒకటి వచ్చింది. మరీ కొత్తదీ కాదు, పాతదీ కాదు. కింద జానెడుకు పైగా ఎత్తుంది. ఏటవాలు దారికి వేరే లో గేరు ఉంది. వెనక స్ప్రింగులు మెత్తగా దిగి మెత్తగా లేస్తున్నాయి. మాస్టారు క్వారీ దారిలో రాళ్ల మీదుగా నడుపుతూ, వెనక సీట్లో అలికిడి లేదేమని అద్దంలో చూశాడు. భార్య నోరు తెరుచుకుని నిద్రపోతోంది.

"ఇదే" అన్నాడు తోడల్లుడితో. ఆ మాట నోట్లో ఉండగానే బండి దేనికో కొట్టుకుంది. సైకిలు చప్పుడు, మనిషి కేక. భార్య ఉలిక్కిపడి లేచింది. ముగ్గురూ గబగబా దిగారు. సైకిలు మీది మనిషికి మోచెయ్యి గీరుకుపోయింది, అంతకంటే ఏమీ కాలేదు. "పట్టపగలు కళ్లెక్కడ పెట్టుకున్నావయ్యా? అంతసేపట్నుంచీ నీ పక్కనే వస్తున్నాను కదా!" అని అరిచాడు. మాస్టారు వంగి సైకిలు లేపి నిలబెట్టాడు. ఆయనకి ఆ పక్కన ఎవరూ కనబడలేదు మరి.

కళ్లాసుపత్రిలో గిన్నెలాంటి యంత్రానికి గడ్డం ఆనించి, వెలుగు చుక్క కనబడినప్పుడల్లా మీట నొక్కమన్నారు. ఆయన కళ్లలో వత్తులేసుకుని చూశాడు. ఒక్కటీ వదల్లేదనుకున్నాడు.

"యంత్రం మధ్యలో ఆగినట్టుందమ్మా" అన్నాడు అక్కడి అమ్మాయితో.

"లేదండీ. చుక్కలు పడుతూనే ఉన్నాయి" అంది ఆ అమ్మాయి మెల్లగా.

కంటి నరం ఎండిపోతోందని, పక్క చూపు చాలావరకు పోయిందని, పోయింది తిరిగి రాదని డాక్టరు చెప్పాడు. ఉన్నది నిలబెట్టుకోవడానికి కంట్లో వేసుకునే మందు రాశాడు. "ఇక బండి నడపకండి" అన్నాడు.

ఈ మధ్య నేర్చుకునే పిల్లలు మాస్టారు మెత్తబడ్డారని, ఊరికూరికే బ్రేకు తొక్కట్లేదని మురిసిపోయేవారు. ఆసుపత్రి మెట్లు దిగుతుంటే ఆయనకి అది గుర్తొచ్చింది. తను మెత్తబడలేదు. అడ్డొచ్చినవి తనకి కనబడలేదు, అంతే. ఎవరి ప్రాణం మీదికీ రాకపోవడం ఎవరి అదృష్టమో. మర్నాడే స్కూలు మానేశాడు.

ఆ తర్వాత ఇంట్లో మిషను చప్పుడు తప్ప మరో చప్పుడు లేదు. తోడల్లుడు ఫోను చేస్తే, "ఆ బండి ఎవరికైనా ఇచ్చెయ్యి" అని పెట్టేశాడు.

అప్పుడు భార్య సూదులు తీసి పెట్టెలో వేసింది. "నాకు నేర్పండి" అంది.

ఊళ్లో సగం మందికి ఓపిగ్గా నేర్పిన మనిషి, పెళ్లానికి నేర్పడానికి వచ్చేసరికి కయ్‌మని లేచాడు. క్లచ్చి వదిలితే తప్పు, వదలకపోతే తప్పు. రెండో రోజు ఆమె, నేర్చుకోవడానికి తెచ్చిన తోడల్లుడి పాత కారుని నడివీధిలో ఆపేసి, తాళం ఆయన ఒళ్లో పడేసి, ఇంటికి నడిచొచ్చేసింది. ఆ మర్నాటి నుంచి ఆయన పనిచేసిన స్కూలుకే పోయి, ఆయన సీట్లో కొత్తగా చేరిన మాస్టారి దగ్గర నేర్చుకుంది. భర్త ఇంట్లో కిటికీ దగ్గర నిలబడి, వీధి చివర ఆ బండి మలుపు తిరిగే చప్పుడు వినేవాడు. గేరు మార్చిన తీరుని బట్టి నడుపుతున్నది భార్యో కాదో ఆయనకి తెలిసిపోయేది. ఆమే అయినప్పుడు సంతోషించాలో ఏడవాలో తెలిసేది కాదు.

లైసెన్సు వచ్చాక ఇద్దరూ మళ్లీ యార్డుకి పోయారు. బూడిద రంగు బండి ఇంకా అమ్ముడుపోలేదు. ఈసారి ఆయన డ్రైవరు సీటు వైపు పోలేదు. పక్క తలుపు తెరిచి కూర్చున్నాడు. తొడలకి ఆనుతోందో లేదో, చేతికి పట్టుకోవడానికి పిడి అందుతోందో లేదో తడిమి చూసుకున్నాడు. "హాయిగానే ఉంది" అన్నాడు. ఎప్పుడూ ఏదో ఒక పరాచికమాడే తోడల్లుడు తల తిప్పేసుకున్నాడు.

వానలు వెలిసిన నెలలో బయల్దేరారు. తారు రోడ్డు దాటగానే మాస్టారి కాలు కింద పరిచిన పట్టాని అదమడం మొదలెట్టింది.

"అక్కడ బ్రేకు లేదండీ. కాలు తియ్యండి" అంది ఆమె.

ఏటి ఇసకలో బండి కూరుకుపోయింది. ఆమె తొక్కినకొద్దీ చక్రాలు లోతుకి దిగాయి. "ఆపు, ఆపు. ఇంక తొక్కకు" అని ఆయన దిగి, టైర్లను చేత్తో తడుముకుంటూ ఇసకలో పట్టు దొరికేలా నాలుగింట్లోనూ కొంచెం గాలి తీశాడు. లో గేరు వెయ్యమన్నాడు. బండి మూలుగుతూ ఒడ్డెక్కింది. ఆయన్ని ఎక్కించుకోవడానికి ఆమె వెనక్కి నడిచొచ్చింది. ఆయన ఆమె వైపు కాకుండా ఏటి వైపు నాలుగడుగులు వేసి ఉన్నాడు.

సాయంత్రానికి గడ్డి నేలలు చేరారు. ఆయన తలని కొంచెం కొంచెంగా తిప్పుకుంటూ, తాళం రంధ్రంలోంచి చూసినట్టు, ముక్కలు ముక్కలుగా చూశాడు. కొండ ముక్క, ఆకాశం ముక్క. ఆ ముక్కలన్నీ కలవలేదు.

"ఇటు పక్క ఏముంది?" అన్నాడు.

"గడ్డి."

"దాని వెనకాల?"

ఆమె చాలాసేపు చూసింది. చెప్పడం ఆమెకి రాదు. "ఇంకా గడ్డేనండీ" అంది.

"బాగుంది" అన్నాడాయన.

ఆ తర్వాత మరి రెండుసార్లు పోయొచ్చారు. ఆ పైసారి ఆమె పిలిస్తే, నువ్వెళ్లి రా అన్నాడు. చూపు ఇంకా ఇరుకైపోయింది. ఇప్పుడు ఆమె కొండ మీది బడులకీ, అతిథి గృహాలకీ కర్టెన్లు కుట్టి తానే చేరవేస్తోంది. గుడ్డ మూటల కోసం వెనక సీట్లు తీయించేసింది. మధ్యాహ్నాలు బండి ఇంటి దగ్గరున్న రోజుల్లో మాస్టారు పోయి దాంట్లో కూర్చుంటాడు. కిటికీ దించుకుని, ఎవరైనా పిలిచేదాకా లేవడు.

పోయినసారి ఆమె తిరిగొచ్చి, ఏరు పొంగిందని, నీళ్లు తలుపుల దాకా వచ్చాయని, అయినా ఆగకుండా దాటేశానని చెప్పింది. అన్ని మాటలు ఆమె ఒక్కసారిగా ఎప్పుడూ మాట్లాడలేదు. ఆయన ఏ గేరులో దాటావని అడగలేదు. కంచం ఎక్కడుందో వెతుక్కుంటూ, "అన్నం పెట్టు, ఆకలేస్తోంది" అన్నాడు.